పాత ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ (1.2 టర్బో పెట్రోల్, డీఎస్‌జీ): రెండు బళ్లు చూశాను, అడ్వాన్స్ ఇచ్చేముందు ఏమేం చెక్ చేయించాలి?

కొండాపూర్_కమ్యూట్

అందరికీ నమస్తే. ఐదు లక్షల బడ్జెట్‌లో పాత పోలో జీటీ టీఎస్ఐ చూస్తున్నాను. రెండు బళ్లు నచ్చాయి.

మొదటిది: 2015, ఏపీ 31 నంబరు, బండి విశాఖలోనే ఉంది. ఫస్ట్ ఓనర్, 68,000 కి.మీ. 2021 దాకా కంపెనీ సర్వీస్ బిల్లులున్నాయి, ఆ తర్వాత బయట చేయించారు. అడుగుతున్నది 4.80 లక్షలు.

రెండోది: 2016, టీఎస్ 07, హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ దగ్గర ఉంది. సెకండ్ ఓనర్, 52,000 కి.మీ. 5.40 లక్షలు అంటున్నారు. రంగు బాగా మెరుస్తోంది, చూడ్డానికి ఇదే కొత్తగా ఉంది. రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటరు సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం) ఉందా అని అడిగితే సూటిగా చెప్పలేదు.

వాడకం: రోజూ ఆఫీసుకి రానూపోనూ 24 కి.మీ., నెలకోసారి శ్రీశైలం ఘాట్ లాంటి రూట్. నా ప్రశ్నలు మూడు. డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) గురించి అందరూ భయపెడుతున్నారు, అందులో నిజమెంత? కొన్నాక ఎంత డబ్బు పక్కన పెట్టుకోవాలి? ఇదే డబ్బుకి ఫియట్ అబార్త్ పుంటో దొరికితే అది మేలా?

---

టార్క్_రెంచ్

డీఎస్‌జీ భయంలో సగం నిజం ఉంది. ఏ సగమో తెలిస్తే బండి ఎంచుకోవడం తేలిక, కాబట్టి ముందు దాని సంగతే చెప్తాను.

ఈ బండిలో ఉన్నది డీక్యూ200, ఏడు గేర్లు, పొడి క్లచ్‌లు రెండు. కే1 అనే క్లచ్ 1, 3, 5, 7 గేర్లను నడుపుతుంది. కే2 అనేది 2, 4, 6, రివర్స్. ఈ ఒక్క ముక్క గుర్తుంటే టెస్ట్ డ్రైవ్‌లోనే సగం జబ్బు పట్టేయొచ్చు. ముందుకి కదిలేటప్పుడు మాత్రమే వణికితే కే1ని అనుమానించాలి. రివర్స్‌లో వణికితే, ఒకటి నుంచి రెండో గేరుకి మారేటప్పుడు కుదుపు వస్తే కే2.

దీనికి అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ కంటే మంచి చోటు లేదు. బండిని ర్యాంప్ మీదికి రివర్స్‌లో ఎక్కించండి. యాక్సిలరేటర్‌ని మెల్లగా, ఒకే తీరుగా తొక్కండి. బాగున్న క్లచ్ అయితే బండి నూనె రాసినట్టు నున్నగా పైకి పోతుంది. అరిగినదో, వేడికి మెరుగెక్కినదో అయితే స్టీరింగ్‌లోనూ సీటు కిందా టకటకమని వణుకు తెలుస్తుంది. మూడు నాలుగు సార్లు ఎక్కించి చూడండి, ఎందుకంటే క్లచ్ వేడెక్కాకే కొన్నిటి రంగు బయటపడుతుంది. సమతలం మీద ఇంకో పరీక్ష ఉంది: డీ (డ్రైవ్)లో పెట్టి బ్రేక్ పూర్తిగా వదిలేయండి, యాక్సిలరేటర్ ముట్టుకోకండి. కుదుపు లేకుండా తనంతట తానే మెల్లగా కదలాలి.

రెండో భయం మెకట్రానిక్. గేర్‌బాక్స్‌కి అతికి ఉండే పెట్టె లాంటి భాగం అది, అందులో కంప్యూటరు, వాల్వులు, ఒక ఎలక్ట్రిక్ పంపు, ఒత్తిడి నిలవచేసే అక్యుమ్యులేటర్ ఉంటాయి. అక్యుమ్యులేటర్ బిగించిన చోట అల్యూమినియం హౌసింగ్ పగలడం ఈ గేర్‌బాక్స్‌కి తెలిసిన రోగం. పగిలితే హైడ్రాలిక్ ఆయిల్ కారిపోతుంది, పంపు ఒత్తిడి నిలబెట్టలేక అదేపనిగా తిరుగుతుంది, చివరికి పీ17బీఎఫ్ అనే కోడ్ పడి గేర్లు పడవు. డాష్‌బోర్డులో గేర్ అక్షరాలు మెరుస్తూ బండి ఉన్నచోటే నిలబడిపోతుంది. దీనికి ముందుగా పెద్ద సూచనలుండవు. అందుకే బండి కంప్యూటర్లలోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ తప్పదు.

మామూలు బ్లూటూత్ ఓబీడీ ముక్క సరిపోదు, అది ఇంజన్‌ని మాత్రమే చదువుతుంది. గేర్‌బాక్స్ మాడ్యూల్ చదవాలంటే వీసీడీఎస్, ఓబీడీలెవెన్ లాంటివి కావాలి. లేదంటే షోరూమ్‌లోని ఓడిస్. అన్ని మాడ్యూళ్లూ స్కాన్ చేయించి, రిపోర్ట్ ఫైలు మీ చేతికి తీసుకోండి. ఒక జాగ్రత్త: మీరు వెళ్లేలోపు ఎవరైనా కోడ్‌లు చెరిపేసి ఉండొచ్చు. స్కాన్ చేయించి, 20 కి.మీ. నడిపి, మళ్లీ స్కాన్ చేయించండి.

ఇక ఇంజన్. ఒక రాత్రంతా ఆగి ఉన్న బండినే స్టార్ట్ చేయాలి. మీరు వచ్చేసరికి బానెట్ వెచ్చగా ఉంటే ఆ రోజు చూడటం మానేసి మర్నాడు ఉదయం రండి. ఇంజన్ కోడ్ సీబీజెడ్‌తో మొదలైతే టైమింగ్ చైన్, సీజేజెడ్ అయితే బెల్ట్. చైన్ ఉన్నదాంట్లో చల్లటి స్టార్ట్ మీద మొదటి రెండు మూడు సెకన్లు గరగరమంటే చైన్ సాగింది, లేదా టెన్షనర్ పట్టు వదిలింది. ఆయిల్ ఆలస్యంగా మార్చిన బళ్లలో ఇది ఎక్కువ. ఆ చప్పుడు విని కూడా కొంటే చైన్ కిట్ ఖర్చు ధరలోంచి తీయించుకోవాలి. కంపెనీ 15,000 కి.మీ. అంటుంది కానీ మన ట్రాఫిక్‌లో ఆయిల్ 8,000 కి, లేదా ఏడాదికి మార్చడమే మంచిది. ఫోక్స్‌వ్యాగన్ 502 00 స్పెసిఫికేషన్ ఉన్న 5డబ్ల్యూ-40 ఫుల్లీ సింథటిక్. నాలుగు లీటర్ల డబ్బా ఒకటి చాలు.

పికప్ ఉన్నట్టుండి చచ్చిపోయి ఈపీసీ అనే ఇంజన్ హెచ్చరిక లైటు వెలిగితే, పీ0299 (టర్బో ఒత్తిడి చాలట్లేదనే) కోడ్ ఉంటే, టర్బో వేస్ట్‌గేట్ (ఎక్కువైన ఎగ్జాస్ట్ గాలిని పక్కకి వదిలే మూత) లింకేజీ కడ్డీ బిగుసుకుపోయిందని మొదట అనుమానించాలి. షెడ్డులో టర్బో మొత్తం మార్చేయాలంటారు. అక్కడికి పోకముందు లింకేజీ చేత్తో కదులుతుందా, యాక్చువేటర్ పనిచేస్తోందా చూడమనండి. విశాఖ బండి కాబట్టి ఇది ఇంకా ముఖ్యం, సముద్రపు గాలికి ఆ కడ్డీ తుప్పు పట్టడం సహజం.

అదే కారణంగా ఆ బండిని ర్యాంప్ మీదికి ఎత్తించి కింద చూడండి: సబ్‌ఫ్రేమ్, బ్రేక్ పైపులు, సైలెన్సర్ కొక్కేలు, వెనక యాక్సిల్ వెల్డింగులు. పైన పొరలా ఉన్న తుప్పుతో భయం లేదు. స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే రేకులు లేస్తే వద్దు.

ఏసీని పావుగంట నడిపి చూడండి. పోలోల్లో కూలింగ్ కాయిల్ లీకవడం మామూలే. ఆ కాయిల్ ధర కంటే డాష్‌బోర్డు విప్పి బిగించే కూలీయే బాధ, పైగా విప్పిన డాష్‌బోర్డు మళ్లీ చప్పుడు లేకుండా కూర్చోవడం పని చేసేవాడి చేతిని బట్టి ఉంటుంది.

---

ఎల్బీనగర్_లేన్

పైన అన్న గేర్‌బాక్స్ సంగతి పూర్తిగా చెప్పిండు. నేను హైదరాబాద్ బండి గురించి, కాయితాల గురించి చెప్త.

2020 అక్టోబర్ వరదలు యాదిల పెట్టుకోండి. అప్పుడు సెల్లార్లల్ల మునిగిన బండ్లు తర్వాత పాలిష్ కొట్టించుకొని మార్కెట్లకు వచ్చినయ్. మీ 2016 బండి అప్పటికి నగరంలనే ఉన్నది కాబట్టి ఈ చెక్ తప్పనిసరి. సీట్ బెల్టు చివరిదాక బయటికి గుంజండి, లోపలి భాగంల మట్టి గీత కనిపిస్తదేమో చూడండి. డిక్కీల స్టెప్నీ తీసి దాని కింద గుంత చూడండి. ముందు సీట్ల కింద ఉన్న వైర్ కనెక్టర్లు విప్పితే పచ్చగ చిలుము పట్టి ఉంటే అక్కడికే దండం పెట్టి రావాలె. ఇన్సూరెన్స్ కంపెనీ పేరు, పాలసీ నంబర్ అడుక్కొని క్లెయిమ్ హిస్టరీ కనుక్కోండి. 2020 చివర్ల పెద్ద క్లెయిమ్ ఉంటే సమజైపోతది.

మెరుస్తున్న రంగు చూసి మోసపోవద్దు. పెయింట్ మందం కొలిచే మీటర్ ఉన్నోళ్లను తీస్కపోండి. అది లేకపోతే డోర్ రబ్బర్లు కొంచెం లేపి కింద రంగు తేడా చూడండి, బానెట్ బోల్టుల మీద పానా పడ్డ గుర్తులు చూడండి. అన్ని అద్దాల మీద తయారీ ఏడాది గుర్తు ఉంటది, ఒక్క అద్దం మాత్రమే కొత్తదైతే ఎందుకని అడగండి. టైర్ల పక్క గోడ మీద చివరి నాలుగంకెలు వారం, ఏడాది చెప్తయి. 52,000 తిరిగిన బండికి స్టీరింగ్ తోలు నున్నగ అరిగి, బ్రేక్ పెడల్ రబ్బరు గుండుగైతే మీటర్ మీద అనుమానపడాలె.

మీటర్ తిప్పిన్రా లేదా అన్నది కూడ స్కాన్‌లనే దొరుకుతది. ఫాల్ట్ కోడ్ పడ్డప్పుడు ఎన్ని కిలోమీటర్ల దగ్గర పడ్డదో ఆ మాడ్యూల్ రాసి పెట్టుకుంటది. డాష్‌బోర్డు మీద తక్కువ, ఆ రికార్డుల ఎక్కువ ఉంటే ఇంక మాట్లాడే పని లేదు.

రీమ్యాప్ సంగతి: ఈ గేర్‌బాక్స్ తట్టుకునేది 250 ఎన్ఎం. కంపెనీ ఇంజన్ 175 ఎన్ఎం, 105 పీఎస్ ఇస్తది. స్టేజ్ 1 ట్యూన్ చేస్తే టార్క్ ఆ హద్దు దగ్గరికి పోతది, భారం మొత్తం పొడి క్లచ్‌ల మీద పడతది. సూటిగ జవాబు రాలేదంటే ఉన్నదనే లెక్కేసుకోండి.

కాయితాలు. విశాఖ బండి కొంటే ఆంధ్ర ఆర్టీఏ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, ఫారం 29, ఫారం 30, లోన్ ఉండి తీరిపోతే ఫారం 35, బ్యాంక్ ఎన్‌ఓసీ కావాలె. తెలంగాణల బండి వయసును బట్టి లైఫ్ టాక్స్ మళ్ల కట్టాలె. ఈ ఖర్చు బండి ధరకు కలుపుకొని చూడండి, అప్పుడు 4.80 లక్షల బండి అంత చౌకగ కనిపించదు. రెండు రాష్ట్రాల చలాన్లు కూడ చూసుకోండి.

ఇంకో ముచ్చట, 2013 గానీ 2014 మొదట్ల గానీ కొన్న జీటీలు మీ కంటబడితే: ఏపీ 09, ఏపీ 28, ఏపీ 29 నంబర్లు చూసి ఆంధ్ర బండి అనుకోవద్దు. రాష్ట్రం విడిపోకముందు హైదరాబాద్, రంగారెడ్డి బండ్లకు ఇచ్చిన నంబర్లే అవి.

---

సిగ్నల్_దగ్గర

డీఎస్‌జీని బతికించుకునేది డ్రైవింగ్ పద్ధతే అండి. సిగ్నల్ పడ్డ ప్రతిసారీ ఎన్ (న్యూట్రల్)లో పెట్టండి. క్లచ్ అరగదు. గంటకి 20 కి.మీ. లోపు కదిలే ట్రాఫిక్‌లో డీ బదులు మాన్యువల్‌లో మొదటి గేర్ పట్టుకుని నడపండి, లేకపోతే ఒకటీ రెండూ, రెండూ ఒకటీ మార్చుకుంటూ వేడెక్కిపోతుంది. అబార్త్ పుంటో అయితే 145 పీఎస్, 212 ఎన్ఎం, ఐదు గేర్ల మాన్యువల్, నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు. ఈ గేర్‌బాక్స్ గొడవే ఉండదు కదా.

---

టార్క్_రెంచ్

@సిగ్నల్_దగ్గర, మొదటి గేర్ మాట సరైనదే. ఎన్ విషయంలో మాత్రం ఒప్పుకోలేను. బండి ఆగి ఉండగా బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకుంటే ఈ గేర్‌బాక్స్ క్లచ్‌ని విడదీసేస్తుంది, అప్పుడు అరుగుదల లేదు. క్లచ్‌ని తినేది సగం తొక్కిన బ్రేక్. పాదం తేలిగ్గా ఆనించి, బండి అంగుళం అంగుళం జరుగుతుంటే క్లచ్ అంతసేపూ జారుతూనే ఉంటుంది. ముందు బండితో ఖాళీ వదిలి, ఆ ఖాళీ ఏర్పడ్డాక ఒకేసారి కదలండి. నిమిషం దాటే సిగ్నల్ అయితే ఎన్, హ్యాండ్ బ్రేక్ పెట్టుకోండి, అది కాలికి విశ్రాంతి. ఫ్లైఓవర్ ఎక్కే చోట యాక్సిలరేటర్‌తో బండిని పట్టి నిలపడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. జీటీలో హిల్ హోల్డ్ (ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా కాసేపు బ్రేక్ పట్టి ఉంచేది) ఉంది, దాన్ని వాడుకోండి.

పార్కింగ్‌లో వరుస: బ్రేక్ తొక్కి ఎన్, తర్వాత హ్యాండ్ బ్రేక్, తర్వాత బ్రేక్ మీద పాదం తీసి బండి బరువు హ్యాండ్ బ్రేక్ మీద నిలబడనివ్వాలి, ఆ తర్వాతే పీ.

అబార్త్ విషయం. నడపడానికి అది గొప్ప బండి, స్టీరింగ్ బరువు, ఘాట్‌లో పట్టు పోలోకి రావు. పోలో జీటీకి వెనక డ్రమ్ములే. కానీ ఫియట్ మన దేశంలో కార్లు అమ్మడం ఆపేసి ఏళ్లయింది. మామూలు పుంటోతో కలిసే భాగాలు వెతికితే దొరుకుతాయి, అబార్త్‌కి మాత్రమే ఉన్న భాగాల కోసం నెలలు ఆగాల్సి వస్తుంది. ఇంట్లో ఇంకో బండి ఉండి, ఇది ఆదివారం బండి అయితే అబార్త్ తీసుకోండి. రోజూ ఆఫీసుకి ఇదే దిక్కయితే పోలో. ఇంకో దారి కూడా ఉంది: 2020 తర్వాతి పోలో 1.0 టీఎస్ఐ ఆటోమేటిక్‌లో డీఎస్‌జీ తీసేసి ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ (పొడి క్లచ్‌లు లేని మామూలు ఆటోమేటిక్) పెట్టారు. బడ్జెట్ పెంచగలిగితే ట్రాఫిక్‌లో దానికున్న నిశ్చింత దీనికి లేదు.

---

కొండాపూర్_కమ్యూట్

అందరికీ థాంక్స్. రెండు బళ్లకీ వీసీడీఎస్ స్కాన్ అయింది, రిపోర్ట్ సారాంశం ఇదిగో.

హైదరాబాద్ బండి: గేర్‌బాక్స్‌లో కోడ్‌లు లేవు. ఏబీఎస్ మాడ్యూల్‌లో పాత కోడ్ ఒకటి ఉంది, దాని పక్కన 83,000 చిల్లర కి.మీ. అని ఉంది. డాష్‌బోర్డు మీద 52,600.

విశాఖ బండి (అక్కడ ఉన్న ఫ్రెండ్ చూశాడు): ఇంజన్ కోడ్ సీబీజెడ్. చల్లటి స్టార్ట్ మీద చప్పుడు లేదు. పీ17బీఎఫ్ లేదు. పీ0299 ఒకటి, ఇంటర్మిటెంట్ అని వచ్చింది. ముందుకి బాగానే కదులుతోంది. ర్యాంప్ మీద రివర్స్‌లో మూడోసారి నుంచి వణుకు వచ్చింది, రెండో గేరుకి మారేటప్పుడు చిన్న కుదుపు ఉంది. కింద తుప్పు పైపైనే.

---

ఎల్బీనగర్_లేన్

హైదరాబాద్ బండి వదిలేయండి. మీటర్ తిప్పినోడు ఇంకేం దాచిండో వెతికే ఓపిక మీకెందుకు. బేరం కూడ ఆడొద్దు.

---

టార్క్_రెంచ్

విశాఖ బండి కొనదగినదే, కానీ 4.80 లక్షలకి కాదు.

మీరు చెప్పిన లక్షణాలన్నీ కే2 వైపే ఉన్నాయి. ముందు క్లచ్ అడాప్టేషన్, అంటే స్కానర్‌తో క్లచ్ కొలతలు గేర్‌బాక్స్‌కి మళ్లీ నేర్పే బేసిక్ సెట్టింగ్ చేయించి చూడమనండి, అరగంట పని. దాంతో పూర్తిగా పోతే మీ అదృష్టం. వేడెక్కాక వస్తున్న వణుకు కాబట్టి అది తగ్గినట్టే ఉండి కొన్ని వారాలకి మళ్లీ వచ్చే అవకాశమే ఎక్కువ. అందుకని ధర మాట్లాడేటప్పుడు క్లచ్ మార్చాల్సిందే అన్న లెక్కతోనే మాట్లాడండి. విశాఖలోనే షోరూమ్ ఎస్టిమేట్ కాయితం మీద రాయించుకుని ఓనర్ ముందు పెట్టండి. నోటిమాట కంటే అది బలంగా పనిచేస్తుంది.

క్లచ్ మార్పు గురించి తెలుసుకోవాల్సినవి. కే1, కే2 విడిగా రావు, జంటగానే మార్చాలి. ఎల్‌యూకే కంపెనీ కిట్‌నే అడగండి. దాంతోపాటు ఫోర్కులు, రిలీజ్ బేరింగులు కూడా కొత్తవి పడాలి. బేరింగుల ఎత్తు గేజ్‌తో కొలిచి తగిన షిమ్‌లు (ఎత్తు సరిచేసే పల్చటి రింగులు) వేయాలి, దీనికి ప్రత్యేకమైన టూల్స్ ఉంటాయి. పాత షిమ్‌లే తిరిగి వేసి బిగించేసే షెడ్లున్నాయి, అలా చేసిన బండి కొత్త క్లచ్‌తోనే వణుకుతుంది. “టూల్ కిట్ చూపించండి, కొలతలు బిల్లు మీద రాయండి” అని అడిగితే ఎవరికి పని వచ్చో తెలిసిపోతుంది. గేర్‌బాక్స్ కిందికి దిగినప్పుడే ఫ్లైవీల్ ఎంత వదులుగా ఆడుతోందో చూడమనండి, గతుకుల రోడ్డు మీద మెల్లగా పోతుంటే గలగలమనే చప్పుడు కొంత దాన్నుంచీ వస్తుంది. గేర్ ఆయిల్ 1.7 లీటర్లు కూడా అప్పుడే మార్పించండి. కంపెనీ జీవితాంతం మార్చక్కర్లేదంటుంది కానీ పదేళ్ల ఆయిల్ అలాగే ఉంచడంలో అర్థం లేదు. ఇక్కడ ఒక హెచ్చరిక: సింథటిక్ అయితే ఇంకా మంచిదని ఏదో ఒకటి పోయనివ్వకండి. ఈ గేర్‌బాక్స్‌లో సింథటిక్ ఆయిల్ వల్ల కరెంటు ఫాల్టులు వస్తున్నాయనే 2013లో ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచమంతటా 16 లక్షల దాకా బళ్లను పిలిపించి మినరల్ ఆయిల్‌కి మార్చింది. కంపెనీ పార్ట్ నంబరున్న ఆయిలే వాడాలి. మెకట్రానిక్ ఆయిల్ వేరు, దాన్ని కారణం లేకుండా ముట్టుకోవద్దు.

పీ0299కి వేస్ట్‌గేట్ లింకేజీ, దాంతోపాటు టర్బో గొట్టాల క్లాంపులు చూపించండి. పెద్ద ఖర్చు లేకుండా పోయే అవకాశం ఉంది.

పక్కన పెట్టాల్సిన డబ్బు: 1.5 లక్షలు. ఇందులో క్లచ్ పనితోపాటు ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్‌లు, డాట్ 4 బ్రేక్ ఆయిల్, కూలెంట్ వస్తాయి. కూలెంట్ గులాబీ లేక ఊదా రంగుది, కంపెనీ స్పెసిఫికేషన్‌దే. పచ్చది కలిపితే లోపల జిగురు కడుతుంది. డైరెక్ట్ ఇంజక్షన్ కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పేరుకుంటుంది. ప్లగ్‌లు మార్చాక కూడా ఉదయం పూట ఐడ్లింగ్ ఊగితే అప్పుడు వాల్వుల శుభ్రం గురించి ఆలోచించండి, ముందే చేయించక్కర్లేదు. 2015 బండి ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ కోసం తయారైంది కాదు, కాబట్టి ప్రతి సర్వీసులో ఫ్యూయల్ గొట్టాలు, రబ్బర్లు చూపించండి. నెలల తరబడి నిలిపి ఉంచకండి. మెకట్రానిక్ పోతే మాత్రం ఈ 1.5 లక్షల్లో సర్దుకుంటుందని మాట ఇవ్వలేను. కొత్తది లక్ష దాటుతుంది. హౌసింగ్ ఒక్కటే పగిలి ఉంటే ఆ హౌసింగ్ మార్చి రిపేరు చేసేవాళ్లున్నారు, ముందు వాళ్లని అడగాలి.

---

కొండాపూర్_కమ్యూట్

చాలా క్లియర్‌గా ఉంది. ఓనర్ 4.40 దాకా దిగుతానంటున్నారు. క్లచ్ ఆయనే మార్పించి ఇస్తాను, అప్పుడు 4.80 ఇవ్వండి అని ఇంకో మాట కూడా అన్నారు. ఏది మేలు?

---

టార్క్_రెంచ్

4.40కి బండి తీసుకుని క్లచ్ మీరే మార్పించండి. అమ్మేసే బండికి ఎవరూ మంచి కిట్ వేయరు, కొలతలు చూడరు. ఎస్టిమేట్ చూపించి ఇంకో పదో ఇరవయ్యో వేలు తగ్గుతారేమో అడగండి.

వణుకున్న బండిని విశాఖ నుంచి హైదరాబాద్‌కి నడిపి తేవడంలో భయం లేదు, హైవే మీద క్లచ్‌కి పని తక్కువ. విజయవాడలో ఊళ్లోకి దిగి ట్రాఫిక్‌లో ఇరుక్కోవద్దు. టోల్ గేట్ల దగ్గర వరుసలో సగం బ్రేక్ మీద జరగడం మాని, ఖాళీ వచ్చాకే కదలండి.

---

ఎల్బీనగర్_లేన్

పైసలు పూర్తిగా ఇచ్చే ముందు ఎన్‌ఓసీ అప్లికేషన్ పెట్టించండి, ఒక యాభై వేలు ఎన్‌ఓసీ చేతికొచ్చినంక ఇస్తమని అగ్రిమెంట్ రాసుకోండి. రెండో తాళం చెవి అడుగుడు మర్వకండి. కొత్తది చేయించాలంటే ఇమ్మొబిలైజర్ (సరైన తాళం లేకపోతే బండి స్టార్ట్ కానియ్యనిది) కోడింగ్ కావాలె, బజార్ల తాళాలు చేసేటోని దగ్గర అయ్యే పని కాదు.